విస్మృతి వక్రరేఖ: విమర్శనాత్మక పరిశీలన

'నేర్చుకున్న దానిలో మూడింట రెండు వంతులు ఒక్క రోజులోనే మరచిపోతాం.' విస్మృతి వక్రరేఖ గీసి, దాని కింద చాలామంది విద్యార్థులు రాసే వాక్యమిది. ఎబ్బింగ్‌హాస్ ప్రయోగాలు ఈ మాటను సమర్థిస్తాయా?

జర్మన్ మనోవిజ్ఞానవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ స్మృతిపై తన గ్రంథాన్ని 1885లో ప్రచురించాడు. ఈ ప్రయోగాల్లో ప్రయోక్త, ప్రయోజ్యుడు రెండూ ఆయనే. పూర్వపరిచయ ప్రభావాన్ని తగ్గించడానికి సుమారు 2,300 అర్థరహిత పదాంశాలను రూపొందించుకొని, వాటిని జాబితాలుగా కంఠస్థం చేశాడు. కొంత వ్యవధి తరువాత అదే జాబితాను మళ్ళీ నేర్చుకొని, ఎంత సమయం ఆదా అయిందో లెక్కించాడు. దీనినే పొదుపు పద్ధతి అంటారు. ఉదాహరణకు, మొదట 20 నిమిషాలు పట్టిన జాబితాకు రెండోసారి 15 నిమిషాలు పడితే పొదుపు 25 శాతం. ఆయన ఫలితాల్లో పొదుపు 20 నిమిషాల తరువాత 58, ఒక రోజు తరువాత 34, 31 రోజుల తరువాత 21 శాతం.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి.

1. పొదుపు, పునఃస్మరణ ఒకటి కావు. 34 శాతం పొదుపు అంటే 66 శాతం విషయం చెరిగిపోయిందని కాదు. ఒక్క అంశమూ గుర్తుకు రానప్పుడు కూడా పునరభ్యసనంలో పొదుపు కనిపించవచ్చు.

2. ఇవి అర్థరహిత పదాంశాలకు చెందిన అంకెలు. బైరన్ కావ్యంలోని పద్యాలను నేర్చుకోవడానికి తనకు దాదాపు పదో వంతు శ్రమే పట్టిందని ఎబ్బింగ్‌హాసే గుర్తించాడు. అర్థాన్ని తొలగిస్తే స్మృతిలోని ముఖ్యాంశమే పోతుందని 1932లో బార్ట్‌లెట్ విమర్శించాడు.

3. ప్రయోజ్యుడు ఒక్కడే. అయితే 2015లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఒక వ్యక్తితో ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేయగా దాదాపు అటువంటి రేఖే వచ్చింది. కాబట్టి రేఖ ఆకారాన్ని తోసిపుచ్చలేం. దానిని అన్ని రకాల అభ్యసనానికీ వర్తింపజేయడమే పొరపాటు.

దూరవిద్యలో చదివే మీకు ఈ తేడా ముఖ్యం. పని ఒత్తిడితో రెండు నెలలు పక్కనపెట్టిన పుస్తకాన్ని తెరిచినప్పుడు 'అంతా మరచిపోయాను' అనిపించవచ్చు. గుర్తుకు రానంత మాత్రాన పాత శ్రమ వృథా అయినట్లు కాదు; రెండోసారి చదువు తక్కువ సమయంలో పూర్తికావచ్చు. ఒకే రోజు చేసిన 68 ఆవృత్తుల ఫలితాన్ని మూడు రోజులకు పంచిన 38 ఆవృత్తులతోనే ఎబ్బింగ్‌హాస్ సాధించాడు. పరీక్ష ముందురోజు రాత్రికి చదువంతా వాయిదా వేసేవారు గుర్తుంచుకోవలసిన ఫలితమిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక జాబితాకు మొదట 30 నిమిషాలు, వారం తరువాత 21 నిమిషాలు పట్టాయి. పొదుపు శాతం ఎంత? మిగిలిన శాతాన్ని 'మరచిపోయిన విషయం' అనవచ్చా? కారణం రాయండి.