కోడికెంత చోటు

మా మేనకోడలు హైదరాబాద్‌లో మేడ మీద కోళ్లు పెంచుదామని ఇనప పంజరం ఒకటి తెప్పించుకుంది. ఈ వారం ఫొటో పంపింది. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండు అంతస్తులు. ‘ఇరవై కోళ్లకు సరిపోతుంది’ అని అమ్మినవాళ్లు చీటీ అంటించి మరీ పంపారు. ‘‘అత్తా, ఇరవై తెచ్చేయనా?’’ అని అడిగింది. ఆ చీటీ చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

లెక్క వేస్తే కోడికి అడుగుంబావు చదరం కూడా రాదు. మన కోళ్లఫారాల్లో గుడ్ల కోళ్లకు ఏళ్ల తరబడి నడిచిన లెక్క 450 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితంలో ముప్పాతిక కూడా కాదు. దానికంటే ఈ పంజరం నయమే. కానీ ఆ ఫారం లెక్క ఏపాటిదో చూడండి. ఏ పనికి కోడికి ఎంత చోటు పడుతుందో ఇంగ్లండ్‌లో మరియన్ డాకిన్స్ అనే శాస్త్రవేత్త తన సహపరిశోధకురాలితో కలిసి కొలిచి 1989లో ప్రకటించారు. ఊరికే నిలబడటానికే 428 నుంచి 592 చదరపు సెంటీమీటర్లు కావాలి. రెక్కలు టపటపలాడించాలంటే 860 నుంచి 1,980 దాకా కావాలి. ఫారం కేజీలో కోడి నిలబడగలదు, అంతే. యూరప్ దేశాలు 1999లో చట్టం చేసి, 2012 నుంచి అలాంటి కేజీలను మాన్పించాయి.

ఇంతవరకూ రాసి, మా అమ్మమ్మ కోళ్లగూడు గుర్తొచ్చి ఆగిపోయాను.

ఆవిడ గూడు పశువుల పాక గోడకి ఆనించి రాయీ మట్టీ పెట్టి కట్టినది. మోకాలెత్తు ఉండేది. లోపల మూడడుగులు, రెండడుగులు. పొద్దుగూకేసరికి డజను కోళ్లు వాటంతటవే వచ్చి దూరేవి. పెద్ద పెట్ట ముందు, మిగతావి దాని వెనక. చెక్క అడ్డం పెట్టి రాయి ఆనిస్తే మళ్లీ తెల్లారే తీయడం. పిల్లలకోడి మాత్రం వేరుగా గంప కింద పడుకునేది. ఆ గూట్లో ఒక్కో కోడికి వచ్చింది అర చదరపు అడుగు. సెంటీమీటర్లలోకి మారిస్తే దాదాపు ఆ ఫారం లెక్కే!

అయినా ఆ కోళ్లు కష్టపడుతున్నాయని ఎవరికీ అనిపించలేదు. వాటికి గూడు నిద్రపోవడానికే. రాత్రి కోడి కదలదు, పక్కదానికి ఒత్తుకుని పడుకుంటుంది. తెల్లారాక అమ్మమ్మ ఒక్కోదాన్నీ చంకలో ఇరికించుకుని, గుడ్డుందో లేదో వేలితో చూసి వదిలేది. గుడ్డున్నదాన్ని గంప కింద మూసేది. లేకపోతే అది వెళ్లి పక్కింటి గడ్డివాములో పెడుతుంది, ఆ గుడ్డు మనది కాదు. ఏది ఎవరి కోడో తెలియడానికి ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రంగు గుడ్డపీలిక కాలికి కట్టేవారు. వదిలాక ఊరంతా వాటిదే. పెంటకుప్పలు, కళ్లాలు, చింతచెట్టు కింద నీడ. మధ్యాహ్నం పొయ్యిబూడిద పోసిన చోట గుంట చేసుకుని పొర్లేవి. ఆ పొర్లాటే వాటికి స్నానం, కోడిపేలు రాలిపోయేది దానివల్లే. వారానికోసారి అమ్మమ్మ గూడు ఊడ్చి, వేపాకు పొగ వేసేది.

కాబట్టి కోడిని పగలంతా వదిలేస్తే గూడు ఎంత చిన్నదైనా ఫరవాలేదు అనాలి. నేనూ చాలాకాలం అదే మాట చెప్పాను. ఇప్పుడు చెప్పను.

అమ్మమ్మ పొదిగించిన పిల్లల్లో సగం కూడా పెద్దవయ్యేవి కావు. గద్ద ఒకదాన్ని, ముంగిస ఒకదాన్ని, పిల్లి ఒకదాన్ని. కొక్కెర తెగులు వచ్చిన ఏడు ఊళ్లో గంపలన్నీ ఖాళీ. పెరటి కోడి అనగానే మనం స్వేచ్ఛ గురించి మాట్లాడతాం, ఈ చావుల గురించి మాట్లాడం. ఇవాళ్టి మన వీధుల్లో వాటికి తోడు బళ్లు, కుక్కలు, ఎలుకల మందు. పక్కింటావిడ పూలకుండీలు గెలికితే వచ్చే తగాదా సరేసరి. అందుకే వదిలేయకండి. మంచి జాలీతో దడి కట్టి, అందులో తిరగనివ్వండి.

లెక్క చెప్పమంటే ఇదీ. రాత్రి పడుకోవడానికే అయితే గూట్లో కోడికి రెండు చదరపు అడుగులు. వానాకాలంలో పగలూ లోపలే ఉండాల్సివస్తే నాలుగు. కూర్చునే కర్ర మీద ఒక్కోదానికి ఎనిమిది నుంచి పది అంగుళాలు. వనరాజా లాంటి బరువు రకాలకి ఆ కర్ర కిందికే ఉండాలి, పైనుంచి దూకితే కాళ్లు దెబ్బతింటాయి. బయట దడిలో కోడికి పది చదరపు అడుగులకు తగ్గొద్దు, పదిహేనైతే నాకు తృప్తి. కోళ్లలో పెద్దా చిన్నా వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె వందేళ్ల కిందటే గమనించి రాశాడు. ఇరుకులో చిన్నకోడికి తప్పించుకునే దారి ఉండదు. పొడిపించుకుని పొడిపించుకుని వీపు బోడిదైపోతుంది. దాణా తొట్టి కూడా రెండు చోట్ల పెట్టండి. పెద్దది ఒకదాని దగ్గర కాపలా కాస్తే చిన్నది ఇంకోదాని దగ్గర తింటుంది.

చోటు సరిపోతోందో లేదో ముక్కే చెబుతుంది. పొద్దున్నే గూటి ముందు కోడి ఎత్తున వంగి గాలి పీల్చండి. రెట్టల ఘాటు కళ్లకి తగిలితే కోళ్లు ఎక్కువయ్యాయి, లేదా ఊక తిరగేసి చాలా రోజులైంది. తడిసిన ఊకలోనే, నెత్తురు రెట్టలు వేయించే కాక్సిడియోసిస్ ముదిరేది. పైభాగంలో నాలుగువేళ్ల సందు వదిలి జాలీ కొట్టండి, ఆ ఘాటు పోతుంది. చలి వేస్తుందేమోనని గోనెపట్టాలు కప్పేవాళ్లున్నారు. మన దగ్గర కోడిని చంపేది ఎండే. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దిక్కు. మే నెలలో హైదరాబాద్ మేడ మీద ఇనప పంజరం అంటే నా మనసు ఒప్పదు. కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్కలు పిల్లప్పుడే వేయించండి, ఎంత చోటిచ్చినా ఆ తెగులు ఆగదు.

మేనకోడలికి ఇదంతా చెప్పాను. కింద ప్రహరీ పక్కన ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మట్టినేల ఉంది, దాని కొలత అరవై చదరపు అడుగులు. పంజరం మధ్య అంతస్తు ఊడదీయించి కిందికి దించమన్నాను. నాలుగు పెట్టలు, పుంజు వద్దు. గుడ్డుకి పుంజుతో పనిలేదు, పొరుగువాళ్లకి తెల్లవారుజామున నిద్ర కావాలి. రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ పెట్ట పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. నాలుగు కలిస్తే వారానికి డజను. ముగ్గురున్న ఇంటికి అంతకన్నా ఎందుకు?

ఇక నా పాత పోరు. మట్టి కనిపిస్తే చాలు సిమెంటు పోసేస్తున్నాం. సిమెంటు మీద కోడి కాలితో గీరలేదు, పొర్లలేదు, పురుగు ఏరుకోలేదు. పెరడంతా గచ్చు చేయించుకున్నవాళ్లకి నా విన్నపం ఒక్కటే: గోడ వారన ఆరడుగులు బై పదడుగులు పగలగొట్టించండి. కోళ్లు పెంచకపోయినా సరే, కనీసం వాననీరు ఇంకుతుంది.