మేస్త్రి కట్టే జట్టు

నాగారంలో స్లాబు పోసే రోజున మేస్త్రి పనితనం చూడాలి. నీళ్లు కలిపాక సిమెంటు ఎక్కువసేపు ఆగదు. తట్టల వరుస మధ్యలో తెగితే స్లాబులో అతుకు పడి, వానాకాలం అక్కడే నీరు కారుతుంది. అందుకే మంచి మేస్త్రి అలసినవాణ్ణి ముందే కనిపెట్టి చోటు మారుస్తాడు. అడ్వాన్సు బాకీయే కూలీలను కట్టిపడేస్తుందంటారు. కొన్నిచోట్ల నిజమే, అది అన్యాయం కూడా. అయితే అప్పు మనిషిని పనిలోకి రప్పిస్తుందే గానీ కాంక్రీటును కుదించే వైబ్రేటరును మూలమూలకూ పెట్టించలేదు. ఆ శ్రద్ధ కూలి వేళకు అందడం వల్ల, నేర్చుకునే కుర్రాడికి చిన్న గోడైనా అప్పగించడం వల్ల వస్తుంది. పని అప్పగించడం పెద్ద సంస్థల్లోనూ అంతే ముఖ్యం. మేడ్చల్‌లో ప్లాంటున్న శాంతా బయోటెక్నిక్స్‌ను 1993లో స్థాపించిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. పని తెలిసిన శాస్త్రవేత్తలకు పని అప్పగించే, 1997లో హెపటైటిస్-బి టీకా తేగలిగారు.