మంటను లెక్కించు సమీకరణము: దాని బలము, దాని కొరత

హైదరాబాదు ప్రాకారమునకు పూర్వము పదమూడు దర్వాజాలు ఉండెడివి. నేడు నిలిచియున్నవి రెండే: పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. దబీర్‌పురాకు ఆగ్నేయమున కొద్ది కిలోమీటర్ల దూరములో కాంచన్‌బాగ్ రక్షణ పరిశోధనశాలలు కలవు. 1989 మే 22న ఎగిరిన అగ్ని క్షిపణికి కార్బన్ పోగుల ఉష్ణకవచమును సమకూర్చుటలో వాని పాత్ర ముఖ్యమైనది. ఆ కవచము వెనుక ఉన్నవి యంత్రములు మాత్రమే. నేడు ఆ జాతి పదార్థముల వెనుక ప్రయాణికులు కూర్చొనుచున్నారు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 విమానముల నిర్మాణ భారములో దాదాపు సగము కార్బన్ పోగులను ఎపాక్సీ జిగురుతో బంధించిన సంయుక్త పదార్థమే.

మంట తగిలినచో ఇది ఏమగును? పొయ్యిలోని కట్టెను గమనించుడు. పైపొర బొగ్గగును, ఆ బొగ్గే లోపలి చెక్కకు కొంతసేపు అడ్డుగా నిలుచును. సంయుక్త పదార్థమునను ఇట్లే జరుగును. జిగురు సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిమ్మట విచ్ఛిన్నమై వాయువులుగా మారును.

1985లో హెండర్సన్, వీబెల్ట్, టాంట్ అను శాస్త్రజ్ఞులు ఈ మార్పును ఒక సమీకరణములో బంధించిరి. పదార్థములో ఉష్ణము ప్రసరించుట, జిగురు విచ్ఛిన్నమగునపుడు ఉష్ణమును గ్రహించుట, వెలుపలికి వచ్చు వాయువులు కొంత ఉష్ణమును కొనిపోవుట అను మూడింటిని అది లెక్కించును. కంప్యూటరు అనుకరణములలో పెక్కింటికి నేటికిని ఇదియే పునాది. ప్రయోగఫలితములతో పోల్చి చూపుట వారి పనిలోని గొప్ప సుగుణము.

అయితే వారు పరీక్షించినది గాజుపోగులు, ఫినాలిక్ జిగురు కలిసిన పదార్థము. కార్బన్-ఎపాక్సీకి అదే సమీకరణమును వాడవచ్చును. అవే స్థిరాంకములను వాడరాదు. వానిని కొలిమిలో కొలిచి తేవలసినదే. ఎరువు తెచ్చిన అంకెలతో కంప్యూటరు గీయు రంగుల పటము ఎంత అందమైనను అది సాక్ష్యము కాదు.

రెండవ కొరత మరింత తీవ్రమైనది. ఈ సమీకరణము ఉష్ణోగ్రతను, విచ్ఛిన్నతను చెప్పును, బలమును చెప్పదు. జిగురు కాలుటకు చాల ముందే, అనగా సాధారణముగా 200 డిగ్రీలకు లోపుననే మెత్తబడును. అప్పుడు పోగులు చెక్కుచెదరకున్నను వానిని పట్టియుంచునది సడలును. పలక నొక్కుడుకు ఆగలేదు. పొరలు విడిపోవుట, విషవాయువులు వెలువడుట కూడ ఈ లెక్కకు వెలుపలివే. వానికి వేరు లెక్కలు కూర్చవలెను.

2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయమున జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 విమానము, తీరరక్షక దళ విమానమును ఢీకొని మంటలలో చిక్కినది. తీరరక్షక విమానములోని ఆరుగురిలో ఐదుగురు మరణించిరి. ఎ350లోని 379 మందియు బ్రతికి బయటపడిరి. చివరివారు దిగుసరికి సుమారు 18 నిమిషములు గడచినవి. ఇందు సిబ్బంది నేర్పు ఎంత, విమానపు గోడ ఓర్పు ఎంత అను ప్రశ్నకు ఒక్క సంఘటన జవాబు కానేరదు. ఆ నిమిషములను ముందుగా లెక్కింపగలుగుటయే అనుకరణ శాస్త్రమునకు అసలు పరీక్ష.

కావున విద్యార్థులు రంగుల పటమును చూచినపుడు రెండు ప్రశ్నలు వేయవలెను: ఇందలి అంకెలను ఎవరు, ఏ పదార్థముపై కొలిచిరి? ఫలితమును నిజమైన మంటతో పోల్చి చూచిరా? కొలిమిని కంప్యూటరు తొలగింపజాలదు. ఏ పలకను కొలిమిలో పెట్టవలెనో చెప్పగలదు. అదియు చిన్న మేలు కాదు.