పేరు పెట్టు నేర్పు

రాయ్‌పూరున స్థిరపడిన మా మేనకోడలు, సాఫ్ట్‌వేరును ఇమేజిగా కట్టించు డాకర్ బేక్ ఫైలును దిద్దుచుండగా ప్రక్కన కూర్చుండి చూచినప్పుడు, ఇంతటి నేర్పును లోకము ఎంత తేలికగా తీసివేయుచున్నదో గదా యనిపించినది. ప్రతి టార్గెట్టులోను విడివిడిగా వ్రాసియున్న వెర్షన్ సంఖ్యల నామె తొలుత ఏరివైచి, ఫైలు మొదట ‘ట్యాగ్’ అను వేరియబుల్‌ను నిలిపి, దానికి ‘లేటెస్ట్’ అను డిఫాల్టు విలువ నొసగినది. కమాండుకు ముందు అదే పేరిట వేరొక విలువను ఎన్విరాన్‌మెంటు నుండి అందించినచో, ఫైలులో అక్షరమైనను మార్పకయే ఆ కొత్త విలువ చెల్లును. పిమ్మట ఫంక్షన్ బ్లాకు. పారమ్స్‌లో సర్వీసు పేరొక్కటియే. రిజల్టులో రిజిస్ట్రీ చిరునామా, ఆ పేరు, కోలన్, ట్యాగు వరుసగా కూర్చిన పాఠము. ట్యాగును ప్రత్యేకముగా పంపనక్కరలేదు, ఫైలులోని వేరియబుల్‌ను ఫంక్షన్ తానై అందుకొనును. ఇక ప్రతి టార్గెట్టును ఆ ఫంక్షన్‌ను పిలుచుటయే గాని, దీర్ఘమైన చిరునామాను నకలు వ్రాయు పని లేదు. నకలులోనే కోలన్లు జారిపోవుననుట ఈ వృత్తివారందరికిని అనుభవవేద్యము.

నన్ను మిక్కిలి మెప్పించినది మాత్రము ‘ప్రింట్’ ఆప్షన్. దానిని చేర్చి నడిపినచో, ఒక్క ఇమేజియు కట్టకమునుపే, పేర్లన్నియు తమ తమ విలువలతో విచ్చుకొని జేసన్ రూపమున తెరపై నిలుచును. ఆమె దానిని పంక్తి పంక్తిగా చదివి, ఒకచోట రెండు మారులు పడిన గీతను తొలగించి, అప్పుడు గాని బిల్డు నారంభింపలేదు. మరునాడు కొలువులో చేరు కుర్రవాడు ఆ ఫైలును తెరచినచో, రిజిస్ట్రీ మార్చుటకు ఎక్కడ చేయి పెట్టవలెనో ఎవరినీ అడుగ నక్కరలేదు.