జెర్రీ మల్లిగన్ చతుష్టయము – విరామ సౌందర్యము

జాజ్ సంగీతమనగానే మనవారిలో పెక్కురకు చప్పుడును, తొందరయు, నృత్యశాలయు స్ఫురించును. ఆ యభిప్రాయమును సవరించుకొనుటకు 1952లో అమెరికా పశ్చిమతీరమున జెర్రీ మల్లిగన్ చతుష్టయము వాయించిన "మై ఫన్నీ వాలెంటైన్" రికార్డును ఒక్కసారి వినిన చాలును. ఇది 1937 నాటి యొక బ్రాడ్వే సంగీతనాటకమునకై రిచర్డ్ రాడ్జర్స్ స్వరపరచిన పాట. ఇచట మాటలు లేవు, వాద్యములే కలవు.

వాయించినవారు నలుగురు. బారిటోన్ శాక్సఫోను మల్లిగన్‌ది, ట్రంపెట్టు చెట్ బేకర్‌ది, బేసు కార్సన్ స్మిత్‌ది, డ్రమ్ములు చికో హామిల్టన్‌వి. పియానో లేదు. ఇది మన కచేరీలో తంబురను తొలగించుట వంటిదని తోచవచ్చును గాని, పోలిక పూర్తిగా కుదరదు. తంబుర యొకే శ్రుతిని నిలుపును. పియానో యనుక్షణము మారెడి స్వరసమూహములను పలికి తక్కినవారికి దారి చూపును. అది లేకపోవుటచే ఆ భారము బేసు తంత్రులపైనను, మల్లిగన్ మంద్రస్వరములపైనను పడినది. బేకర్ ఒక్కొక్క స్వరమును తేలికగా విడుచుచు, నడుమ ఊపిరికి చోటుంచును. మల్లిగన్ ఆ చోటు నాక్రమింపడు. క్రిందనుండి దీర్ఘస్వరమొకటి యాసరాగా నిచ్చును.

దీనినే "కూల్" పద్ధతి యందురు. 1949, 1950 సంవత్సరములలో మైల్స్ డేవిస్ తొమ్మండుగురితో చేసిన రికార్డులలో మల్లిగన్ వాదకుడుగను, స్వరకర్తగను పాల్గొనెను. అచట తొమ్మిది వాద్యములు పలికిన మృదుత్వమును ఇచట నాలుగే పలికినవి. లోపము లేకపోలేదు: ఈ బృందము రికార్డులను వరుసగా వినినచో మృదుత్వమే యలవాటై విసుగు కలిగించును.

ఐనను ఈ నెమ్మది సోమరితనము కాదు. వాదకుల జీవితములు నెమ్మదివియు కావు. 1953లో మాదకద్రవ్యముల నేరముపై మల్లిగన్ కారాగారమునకు పోవుటతో బృందము చెదరెను. బేకరును అదే వ్యసనము చిరకాలము బాధించెను. కావున ఈ ప్రశాంతి వారికి జీవితమిచ్చినది కాదు. ఒకరినొకరు శ్రద్ధగా వినుటచే సాధించుకొన్నది.

ప్రశ్న వేసి, బాలుడు నోరు విప్పులోపలనే సమాధానము చెప్పివేయు దోషము ఉపాధ్యాయుడనైన నాయందు కలదు. ఇంట తెలుగును, వీథిలో వేరొక భాషను పలుకు మా పిల్లలకు మాట వెదకికొనుటకు కొంత తడవు పట్టును. ఆ తడవును నేను పియానో వలె నింపివేయుచుంటిని. మూడు నిమిషములైన లేని ఈ రికార్డును విన్నది మొదలు, ఊరకుండుట నభ్యసించుచున్నాను.