ఆ ప్రశ్న దగ్గరే ఎందుకు ఆపాడు?

ఈ వారం ఒక వీడియోలో క్రిప్టోస్ గురించి చెబుతూ 'నాలుగింట మూడు భాగాలు అయిపోయాయి, ఇక మిగిలింది ఒక్కటే' అని తేల్చేశారు. ఒళ్ళు మండింది. శాసనాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఈ శీర్షికలో చెప్పేదే మళ్ళీ చెబుతున్నాను: అక్షరాలు కూడబలుక్కున్నంత మాత్రాన చదివినట్టు కాదు.

క్రిప్టోస్ అంటే అమెరికాలో సీఐఏ ప్రధాన కార్యాలయం ఆవరణలో 1990లో జిమ్ శాన్‌బోర్న్ నిలిపిన రాగిరేకు శిల్పం. రేకంతా అక్షరాలే, ఆ పక్క నుంచి ఈ పక్కకు కనిపించేలా తొలిచినవి. అవి నాలుగు భాగాల రహస్యలిపి. మూడు భాగాల గుట్టు 1999కల్లా బయటపడింది. రెండో భాగం చివర 'ఐడీ బై రోస్' అని వచ్చింది. వరుసలను బట్టి గుర్తుపట్టమనా? ఏ వరుసలు? ఏళ్ళ తరబడి వ్యాఖ్యానాలు అల్లారు. 2006లో శాన్‌బోర్నే చెప్పాడు, శిల్పంలో ఒక అక్షరం తప్పిపోయిందని. అది చేర్చి విప్పితే అక్కడ వచ్చేది 'లేయర్ టూ', అంటే రెండో పొర. అంతమందీ అర్థం చెప్పింది శిల్పి రాయని మాటకు!

కర్త నోరు విప్పితే తప్ప అర్థం తేలదన్నమాట అనుకుంటాం. కానీ మూడో భాగం చూడండి. 1922 నవంబరు 26న ఈజిప్టులో హోవర్డ్ కార్టర్ టూటన్‌ఖామున్ సమాధిలోకి తొంగిచూసిన ఘట్టం అది. వణికే చేతులతో పైన ఎడమ మూలన చిన్న కన్నం చేస్తాడు. దాన్ని కాస్త పెద్దది చేసి కొవ్వొత్తి లోపలికి పెడతాడు. గదిలోంచి వేడిగాలి తన్నుకొచ్చి మంట రెపరెపలాడుతుంది. కాసేపటికి మసకలోంచి లోపలివి ఒక్కొక్కటే ఆనవాలు కడతాయి. ఏమైనా కనిపిస్తోందా అన్న ప్రశ్న వస్తుంది. నాడు వెనక నిలబడి ఆత్రంగా అడిగింది ఆ తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నర్వన్. అద్భుతాలు కనిపిస్తున్నాయని కార్టర్ ఇచ్చిన జవాబు జగమెరిగినదే. శాన్‌బోర్న్ ఆ జవాబు తీసుకోలేదు, ప్రశ్న దగ్గరే ఆపేశాడు.

ఇక్కడ శిల్పిని అడగనక్కర్లేదు. రాగిరేకు కన్నాల్లోంచి తొంగిచూస్తున్నది మనమే, ఆ ప్రశ్న మనకే. కోడ్ విప్పడంతో మూడో భాగం అయిపోలేదు, మొదలైంది.

97 అక్షరాల నాలుగో భాగానికి బెర్లిన్, క్లాక్ లాంటి ఆనవాళ్ళు శాన్‌బోర్నే ఇచ్చాడు. జవాబుతో సహా ఆయన పత్రాలు 2025 నవంబరులో వేలంలో దాదాపు 9.6 లక్షల డాలర్లు పలికాయి. ఆ జవాబు ఎప్పుడు బయటికొచ్చినా దాన్ని విడిగా చదవకండి. ముందు మూడింటినీ ఎదురుగా పెట్టుకుని చదవండి.