గడువు అడిగినవాడికి మాఫీ దొరికింది

మత్తయి సువార్త 18వ అధ్యాయం చివర ఒక చిన్న కథ ఉంది. దాన్ని ప్రసంగాల్లో విన్నవారే ఎక్కువ, కథగా చదివినవారు తక్కువ. నేను కామర్సు చదువుకొని, బ్యాంకులో అప్పులు ఇస్తూ, వసూలు చేస్తూ బతికేవాణ్ణి, పండితుణ్ణి కాను. అయితే ఇది లెక్కల కథ గనుక నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

తప్పు చేసిన సోదరుణ్ణి ఏడుసార్లు క్షమిస్తే చాలునా అని పేతురు అడుగుతాడు. యేసు జవాబుగా ఒక రాజు లెక్కలు చూసుకొన్న సంగతి చెబుతాడు. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తీర్చలేక సాగిలపడతాడు. రాజు జాలిపడి మొత్తం కొట్టివేస్తాడు. ఆ దాసుడే బయటికి వెళ్ళి, తనకు నూరు దేనారాలు ఇవ్వవలసిన తోటి దాసుని గొంతు పట్టుకొని, చెరసాలలో వేయిస్తాడు.

అంకెలు చూడండి. దేనారం అంటే కూలివాని ఒకరోజు కూలి. తలాంతుకు సుమారు 6,000 దేనారాలని సాధారణంగా చెప్పే లెక్క. అంటే బాకీ 6 కోట్ల రోజుల కూలి. రోజూ పనిచేసినా 1,64,000 ఏళ్ళకు పైగా పడుతుంది! అలాంటివాడు రాజును అడిగిందేమిటి? కొంచెం ఓర్చుకుంటే అంతా చెల్లిస్తానని. కథకు కీలకం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వాడు అడిగింది గడువు, దొరికింది మాఫీ. గడువు పొందినవాడు తన శక్తిని నమ్ముకొనే ఉంటాడు. మాఫీ పొందినవాడు తన శక్తి చాలదని ఒప్పుకొని చేయి చాచాలి. కృప అంటే అది. ఈ దాసుడు మాఫీని కూడా గడువుగానే విన్నాడు కాబోలు, గుమ్మం దాటగానే వసూళ్ళకు బయలుదేరాడు.

నేను అల్పుణ్ణి, పాపిని అని పదేపదే చెప్పుకోవడమే దీనత్వమని మనలో చాలామంది భావన. ఈ కథ అందుకు ఒప్పుకోదు. రాజు ముందు ఆ దాసుడు కావలసినంత వంగాడు. పైవాడి ముందు వంగడం ఎవరికైనా వచ్చు. తోటివాడి ముందు నిలబడ్డప్పుడే వాడు ఎదగలేదని తేలింది. అలాగని నూరు దేనారాలు చిన్న మొత్తమేమీ కాదు, మూడు నెలల కూలికి మించినది. నష్టపోయినవాడి నష్టం అబద్ధమని కథ ఎక్కడా అనదు. దాన్ని ఏ లెక్క పక్కన పెట్టి చూడాలో మాత్రమే చెబుతుంది.

మనకు బాగా తెలిసిన రామదాసు కథతో పోల్చండి. అక్కడ రామలక్ష్మణులు వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించి రశీదు పుచ్చుకొన్నారని ఐతిహ్యం. ఖజానాకు నష్టం లేదు. ఇక్కడ అప్పిచ్చినవాడే నష్టం నెత్తిన వేసుకొంటాడు. రెండూ కృప కథలే, జమాఖర్చులు వేరు.

నన్ను ఇబ్బంది పెట్టేది ముగింపు. రాజు కోపించి మాఫీ రద్దు చేసి, దాసుణ్ణి బాధపెట్టేవారికి అప్పగిస్తాడు. వెనక్కి తీసుకొనేది కృప ఎలా అవుతుంది? పుచ్చుకోనివాడికి ఇచ్చినట్టు కాదు గదా అని సమాధానపడవచ్చు. నాకు అది సగం సమాధానమే. ఆ కరుకుదనాన్ని వ్యాఖ్యాతలు నునుపు చేయకుండా వదిలితేనే కథకు బలం.

చివరగా భాష సంగతి. పాత తెలుగు అనువాదం ఈ కథలో బాకీ ఉండడాన్ని 'అచ్చియుండడం' అంటుంది. నేటి వాడుకలో ఈ మాట దాదాపు కనబడదు. అదే అనువాదం, మత్తయి చెప్పిన ప్రభువు ప్రార్థనలో తప్పులు అనక 'ఋణములు' అనే అంటుంది. గ్రీకు మూలంలోని మాటకూ అర్థం అప్పే. ఇంగ్లీషులో ప్రార్థించే చాలామందికి ఈ అప్పు వినబడదు. మన పిల్లలు కన్నడంలోనో ఒడియాలోనో చదువుకొంటున్నారు. ఆ ప్రార్థన వారికి తెలుగులోనే నేర్పండి. ఏ మతంవారైనా సరే, ఈ అధ్యాయం ఒకసారి బిగ్గరగా చదివి వినిపించండి. తమకు రావలసిన నూరు దేనారాల లెక్క ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు రాసిపెట్టుకొనే ఉంటారు.